పచ్చి వారాలు

సోమవారం. దక్షిణపు గాలి. కరెంటు మధ్యాహ్నం వరకే.

పొద్దున రాగానే ఫిల్టర్లు కడిగించాను. సముద్రం ఆసుపత్రి మెట్ల దాకా వచ్చినప్పటి నుంచీ గాలిలో ఉప్పు ఎక్కువైంది. మందు కలిపే యంత్రానికి ఉప్పంటే గిట్టదు. రెండో మంచం దగ్గర పంకా ఆగిపోతే విసనకర్ర ఇప్పించాను.

"వార్డు లాగ్‌లో పని సంగతులే రాయవలెను, సొంత భావాలు వద్దు" అని పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. అంటే ఎవరో చదువుతున్నారన్నమాట. సంతోషం. ఇందులో రాసింది చెరపడం కుదరదు కాబట్టి, అన్నీ రాస్తాను. చదువుకోండి.

ఇవాళ తన్మయి మేడం తిరిగి ఉద్యోగంలో చేరారు. ఆవిడ నా గైడు. ఆల్జీమర్స్ జబ్బు మీదే బతుకంతా పనిచేశారు. మెదడులో పేరుకున్న చెత్తను కడిగి, పాడైన చోట కొత్త కణాలు మొలిపించే మందు సగం ఆవిడది. రెండో సగం దగ్గరకొచ్చేసరికి ఆ జబ్బు ఆవిడకే వచ్చింది. మిగిలిన పని నేను పూర్తి చేశాను. ఆ మందుతో బాగుపడ్డ మొదటి విడత మనుషుల్లో ఆవిడ ఒకరు.

రాగానే నా బల్ల మీది లెక్కలు చూశారు.

"ఇది చేసింది ఎవరు ప్రణవీ?"

"నేనే మేడం."

"అనుకున్నాను. నీకు కూడికలు ఎప్పుడొస్తాయి?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కిందటేడు ఈవిడే చెంచా ఎందుకో తెలియక దాన్ని కొంగులో దాచుకునేవారు. ఈ రోజు చూడటానికే నేను ఈ చదువు చదివాననిపించింది.

మధ్యాహ్నం కారియర్ విప్పి నాకు ఒక గిన్నె, తనకు ఒక గిన్నె పెట్టి, మూడోదాని మీద మూత వేసి పక్కన పెట్టారు.

"అదెవరికి మేడం?"

"మిహిరకి. సాయంత్రం బోటుకి వస్తుందిగా, ఆకలి మీద ఉంటుంది."

మిహిర వాళ్ళమ్మాయి. వరదల ఏడు రాజమండ్రిలో జ్వరం వచ్చి చనిపోయింది. అప్పటికే మేడంకి జబ్బు ముదిరింది. ఆ కబురు ఆవిడలో నిలవనే లేదు. కొత్త కణాల్లో ఎక్కడో చిన్న తడబాటు వచ్చిందనుకుని, నెమ్మదిగా అసలు సంగతి చెప్పాను.

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. మెతుకులు వేళ్ళ మీదే ఎండిపోయాయి. ఎప్పుడు, ఎలా, ఎవరున్నారు అని అన్నీ అడిగి, వెక్కివెక్కి ఏడ్చారు. వాళ్ళాయన నిశాంత్ గారు వచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. వెళ్తూ నా వంక కోపంగా చూశారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. కానీ తెలియాల్సినదే కదా అనుకున్నాను.

మంగళవారం. గాలి లేదు. ఉక్క.

మేడం ఉత్సాహంగా వచ్చారు. నిన్న నేను తప్పు చేసిన లెక్క గుర్తుంది. నిన్న తిన్న కూర గుర్తుంది. మధ్యాహ్నం మూడో గిన్నె మీద మళ్ళీ మూత పెట్టారు.

"మిహిర వస్తుంది కదా" అన్నారు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంతే ఏడుపు. అవే ప్రశ్నలు, అదే వరసలో.

శుక్రవారం. దక్షిణపు గాలి. ఒక ఫిల్టర్ పగిలింది.

ఈ వారమంతా అదే జరిగింది. మెలకువగా ఉన్నంతసేపూ ఆవిడకు నిజం తెలుసు. నిద్రపోయి లేస్తే పోతుంది. ఆ ఒక్క సంగతే పోతుంది. మిగతా ప్రపంచమంతా అద్దంలా గుర్తుంటుంది.

హెడ్ నర్సు లిఖితకు చెబితే ఆమె చేతిలో పళ్ళెం కింద పెట్టి, "మేడం గారూ, మీరోపాలి సాయంత్రం రేవు కాడికి ఎల్లి సూడండి. మనోళ్ళందరూ అక్కడే ఉంటున్నారండి" అంది.

వెళ్ళాను. మా వార్డు నుంచి బాగుపడి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు పదిమందికి పైగా రేవులో నిలబడి ఉన్నారు. రోహిత్ అనే తాతగారు తమ్ముడి కోసం వచ్చారు. ఆ తమ్ముడి అంత్యక్రియలకు నేనే వెళ్ళాను. మరొకావిడ వాళ్ళాయన కోసం గొడుగు పట్టుకుని నిలబడింది. బోటు వచ్చింది. జనం దిగారు. వీళ్ళు ఒక్కొక్క ముఖమూ చూసుకుంటూ నిలబడ్డారు. బోటు ఖాళీ అయ్యాక, "ఇవాళ కుదర్లేదేమో, రేపొస్తాడు" అనుకుంటూ చల్లగా ఇళ్ళకు పోయారు.

వార్డుకి తిరిగొచ్చి వాళ్ళ ఇళ్ళ చిరునామాలన్నీ రాసుకున్నాను.

సోమవారం. మబ్బు. కరెంటు పూర్తిగా ఉంది.

ఇళ్ళవాళ్ళను పిలిపించి అడిగాను. మందు పడ్డాక మొలిచే కణాలు కొన్ని వారాలు పచ్చిగా ఉంటాయి. ఆ పచ్చి వారాల్లో ఇంటివాళ్ళు మంచం పక్కన కూర్చుని, ఆ మనిషి జీవితం ఆ మనిషికే చెప్పాలి. చెప్పిన మాట మధ్యాహ్నం నిద్రమందు ఇచ్చినప్పుడు అతుక్కుంటుంది. అతుక్కున్నదే జ్ఞాపకం. అందుకే వార్డు గోడ మీద "నిజమే చెప్పండి" అని పెద్ద అక్షరాలతో రాయించాను.

"ఏదైనా అబద్ధం చెప్పారా?" అని ప్రతి ఒక్కరినీ అడిగాను.

"అయ్యో, ఎందుకు చెప్తామండీ!" అన్నారు. అందరూ నొచ్చుకున్నారు. రోహిత్ తాతగారి కోడలైతే గోడ మీది మాట చూపించి, "మాకు చదువొచ్చండి డాక్టరుగారూ" అంది. వాళ్ళ కళ్ళలో దాపరికం లేదు. నాకేమీ పాలుపోలేదు.

బుధవారం. చిన్న వాన.

తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండేది.

ఇవాళ రెండో మంచం దగ్గర నాడి చూస్తున్నాను. ఆ మంచం మీద హన్సిక మామ్మగారు ఉంటారు. పచ్చి వారాలు నడుస్తున్నాయి. పక్కన కోడలు జామకాయ కోస్తోంది. పెళ్ళి సంగతులు, పిల్లల సంగతులు ఎంతో ఓపికగా, ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. మధ్యలో మామ్మగారు, "మీ మావయ్యేరే?" అన్నారు.

కోడలు కత్తి మీంచి చూపు కూడా తియ్యలేదు. "ఊరెళ్ళారత్తయ్యా, వచ్చేస్తారు" అని ముక్కకు ఉప్పు అద్ది నోట్లో పెట్టింది.

నేను కూడా "అవును, వచ్చేస్తారు" అన్నట్టు తలూపి మూడో మంచం వైపు నడిచాను. రెండడుగులు వేశాక ఆగిపోయాను.

ఆ మావయ్యగారు పోయి చాలా కాలమైంది.

ఆ అమ్మాయిని అడిగాను. "మీ మావయ్యగారు ఊరెళ్ళారని ఎందుకు చెప్పావమ్మా?"

"మరేం చెప్పమంటారండీ? ఇన్నేళ్ళుగా అడిగినప్పుడల్లా అదే చెప్తున్నాం కదా."

"అది అబద్ధం కదా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది అబద్ధమెలా అవుద్దండీ? పెద్దావిడ బాధపడకుండా అంటాం అంతే."

ఆమె తప్పేముంది? మతిమరుపు మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా ఇదే మాట. పోయినవాళ్ళు మన ఇళ్ళలో ఊరెళ్తారు, బజారుకెళ్తారు, పెళ్ళికెళ్తారు. ఎవరూ దాన్ని అబద్ధాల్లో లెక్కెయ్యరు. నేనూ ఎన్నో మంచాల పక్కన తలూపినదాన్నే. అన్నేళ్ళు ప్రేమతో అన్న మాట, అలవాటు కొద్దీ ఆ పచ్చి వారాల్లో కూడా నోట్లోంచి వచ్చేసింది. అది రాయి మీద చెక్కినట్టు అతుక్కుపోయింది.

రోగిని ఎలా కడగాలో కొన్ని వందల పేజీలు రాశాం. పక్కన కూర్చున్నవాళ్ళు ఎలా మాట్లాడతారో మాకు తట్టలేదు.

గురువారం. చిన్న వాన.

నిశాంత్ గారి దగ్గరకు వెళ్ళాను. రిటైరైన వంతెనల ఇంజినీరు. మేడంకి జబ్బుగా ఉన్నన్నాళ్ళూ ఒక్కడే చూసుకున్న మనిషి. అప్పుడు అరటికాయ చెక్కు తీస్తున్నారు.

"సార్, పచ్చి వారాల్లో మేడం మిహిర గురించి అడిగారా?"

"అడిగింది. రాజమండ్రి వెళ్ళింది, సాయంత్రం బోటుకి వచ్చేస్తుందన్నాను."

"ఎందుకన్నారు సార్? నిజమే చెప్పాలని మీకు చదివి వినిపించాను కదా."

ఆయన కత్తి పక్కన పెట్టారు. "మొదట్లో నిజమే చెప్పేవాణ్ణమ్మా. జబ్బు రోజుల్లో. పొద్దున చెబితే ఏడ్చేది. కాఫీ తాగి మళ్ళీ అడిగేది. మళ్ళీ చెబితే మళ్ళీ ఏడ్చేది. నా కూతురు నాకు ఒక్కసారే పోయింది. తనకి రోజుకి నాలుగుసార్లు పోయేది. ఎన్నిసార్లు చంపమంటావు ఆ పిల్లని?"

నేను బల్ల మీది చెక్కులు పోగుచేశాను.

"నువ్వు చేస్తున్నదీ అదే ఈ మధ్య" అన్నారు మళ్ళీ కత్తి అందుకుంటూ.

శనివారం. గాలివాన హెచ్చరిక. తలుపులకు ఇసుక బస్తాలు పెట్టించాం.

మేడంకి మొత్తం చెప్పేశాను. ఆవిడే ఒక రోగి అని కూడా చెప్పాను. ఏడ్చి, ముఖం కడుక్కుని, "కాగితాలియ్యి" అన్నారు. సాయంత్రం వరకు తల ఎత్తలేదు. మధ్యాహ్నం కునుకు తియ్యకుండా కుర్చీలో నిటారుగా కూర్చుని పనిచేశారు.

చీకటి పడేలోగా తేల్చేశారు. అతుక్కున్న చోట రెండో మాట అతకదు. మార్చాలంటే మొత్తం కడిగి మళ్ళీ మొలిపించాలి. ప్రయోగాల్లో రెండోసారి కడిగిన మేకలేవీ బతకలేదు.

"దారి లేదు ప్రణవీ" అన్నారు. "నేను ఇంకో నలభై ఏళ్ళు కూర్చున్నా, పొద్దున లేచేసరికి ఎందుకు కూర్చున్నానో మర్చిపోతాను. మిగతావాళ్ళ సంగతి వెతుకుతాను. నా సంగతి నాకు చెప్పడం మానెయ్యి. తట్టుకోలేను."

"మానేస్తాను మేడం."

"ఇలా అడిగానన్నది కూడా రేపు గుర్తుండదు కదూ?"

నేను తలూపాను. ఆవిడ పెన్ను మూత పెట్టి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు.

పై ఆఫీసువారికి: ఈ పద్ధతి కొన్నాళ్ళు ఆపండి, చెప్పేవాళ్ళకు శిక్షణ ఇద్దాం అని వేడుకుంటున్నాను.

మంగళవారం. తెరిపి.

జవాబు వచ్చింది. "ఫలితాలు ఆశాజనకంగా ఉన్నందున ఆపనవసరం లేదు." రేవులో బెంచీలు వేయించమని మునిసిపాలిటీకి సిఫారసు చేశారట. అంత దయ చాలు.

ఒక కొత్త నియమం మాత్రం పెట్టారు. చెప్పేవాళ్ళు ఇకపై రోగి భార్యో భర్తో అయి ఉండాలి. వాళ్ళు లేకపోతేనే పిల్లలు. బయటివాళ్ళు మంచం దగ్గర రోగి సొంత సంగతులు మాట్లాడకూడదు. మాట నమ్మి చెబుతున్నారో లేదో గొంతును బట్టి చూసే యంత్రం ఒకటి పంపారు. తాను నమ్మనిది చెబితే ఎర్ర దీపం వెలుగుతుంది. లిఖిత దాని ముందు నిలబడి, "నా వయసు పాతికండి" అంది. ఎర్ర దీపం వెలిగింది. చాలా రోజుల తర్వాత వార్డులో నవ్వాం.

సోమవారం. ఎండాకాలం మొదలు. నీటి కోత.

కొన్ని నెలలు పొడి పొడిగా రాశాను. రాయడానికేమీ లేక కాదు. మేడం రోజూ వస్తారు. నా తప్పులు దిద్దుతారు. మధ్యాహ్నం మూత పెట్టిన గిన్నె చూసి నేను తల తిప్పుకుంటాను. సాయంత్రం ఆవిడ రేవుకి వెళ్తారు. నిశాంత్ గారు తోడు వెళ్తారు. వాళ్ళకు కుడివైపు బెంచీ అలవాటు.

ఇవాళ నిశాంత్ గారు ఒక్కరే నా గదికి వచ్చారు. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు.

"నిన్న రేవుకి దారి తెలీలేదమ్మా" అన్నారు. "ఎదురుగా సముద్రం కనిపిస్తూనే ఉంది. ఎటెళ్ళాలో తెలీలేదు."

పరీక్షలు చేశాను. చెయ్యకముందే నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అదే జబ్బు, కాస్త వేగంగా నడిచే రకం.

"భయపడకండి సార్, మందుంది."

"మందుకి కాదు నా భయం." తన అరచేతులు చూసుకున్నారు. "నా పచ్చి వారాల్లో నాకు నిజం చెప్పించు. మిహిర పోయిందని చెప్పించు."

నేను ఉలిక్కిపడ్డాను. "మేడం లాగే మీరు కూడా హాయిగా ఎదురుచూడొచ్చు కదా సార్? ఇద్దరూ కలిసి."

"అదే వద్దంటున్నాను. రెండు బోట్లు మారి, మొలలోతు నీళ్ళలో నడిచి వెళ్ళాను. ఆ పిల్ల పోయేటప్పుడు పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను. నాన్నా, భయంగా లేదు అంది. ఆ మాట విన్నది నేనే. నేనూ మర్చిపోతే మిహిరకి చావు కూడా లేకుండా పోతుంది. ఎక్కడికో వెళ్ళి ఇల్లు మర్చిపోయిన పిల్లలా మిగిలిపోతుంది. నా బిడ్డ అలాంటిది కాదమ్మా. రాగలిగితే వచ్చేది."

నేను మాటిచ్చాను. మాటిచ్చేటప్పుడు ఒకటి మర్చిపోయాను. నియమం ప్రకారం ఆయన పక్కన కూర్చోవలసింది ఎవరో గుర్తురాలేదు.

శుక్రవారం. నీటి కోత.

నన్ను చెప్పనివ్వమని పై ఆఫీసుకి రాశాను. కుదరదన్నారు. భార్య బతికి ఉంది, ఆరోగ్యంగా ఉంది, చదువుకున్నది, అంతకంటే ఎవరు కావాలన్నారు. మేడంని గొంతు యంత్రం ముందు కూర్చోబెట్టారు.

"మా అమ్మాయి మిహిర రాజమండ్రి వెళ్ళింది. సాయంత్రం బోటుకి వస్తుంది" అన్నారు మేడం.

పచ్చ దీపం వెలిగింది. ఆవిడ నమ్మిందే చెబుతున్నారు మరి.

నియమాన్ని తొక్కేసి నేనే వెళ్ళి చెప్పగలను. ఉద్యోగం పోతే పోనీ. కానీ నా మాట అతకదు. పరాయి గొంతు నిలవదని, దగ్గరివాళ్ళ గొంతే నిలుస్తుందని, అందులోనూ ఏడుస్తూ చెప్పింది అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుందని పేపర్ రాసింది నేనే. దానికి నాకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలియదు.

మేడంకి నిజం చెప్పి ఆవిడతోనే చెప్పిద్దామంటే, ఇక చెప్పనని ఆవిడకు మాటిచ్చాను. నేనేమీ చెయ్యలేను. ఈ వాక్యం పై ఆఫీసులో ఎవరైనా గట్టిగా చదవండి.

ఆదివారం. వడగాలి. కరెంటు వార్డుకి మాత్రమే.

నిశాంత్ గారికి పచ్చి వారాలు మొదలయ్యాయి.

పొద్దున కళ్ళు తెరిచారు. పసిపిల్లాడి చూపు. మేడం ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టారు. మొదటిసారి ఎక్కడ కలుసుకున్నారు, ఎవరు ముందు మాట్లాడారు, ఆయన కట్టిన వంతెన మీద ఆవిడ చెప్పు ఎలా తెగిపోయింది. ఎంత బాగా చెప్పారో! లిఖిత పని మానేసి వింటూ నిలబడింది. ఆయన ముఖంలో ఒక్కొక్క గీతా తిరిగి వస్తోంది.

"మనకి పిల్లలున్నారా?" అని అడిగారాయన.

"ఒక పిల్ల. మిహిర."

"ఏది?"

మేడం నవ్వారు. "రాజమండ్రి వెళ్ళింది. సాయంత్రం బోటుకి వచ్చేస్తుంది."

ఆయనా నవ్వారు. ఆ నవ్వు చూసి నా మనసు అక్కడికక్కడే తిరిగిపోయింది. పోనీలే, ఇలా ఉండనీ అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని రోజూ సంతోషంగా ఎదురుచూస్తారు, ఎవరికేం నష్టం?

భోజనమైంది. లిఖిత నిద్రమందు సూదిలోకి ఎక్కించింది. అది పడితే పొద్దుటి మాట అతుక్కుంటుంది.

"ఆగు" అన్నాను. ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చింది.

మేడం తలెత్తి చూశారు. "ఎందుకాపావు?"

"ఒక్క నిమిషం బయటికి రండి మేడం."

వరండాలో వడగాలి కొడుతోంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకున్నారు.

"నేను రాజమండ్రి అన్నప్పుడు నీ ముఖం మారింది. లిఖిత ముఖం కూడా మారింది. రోహిత్ గారి తమ్ముడి సంగతి వచ్చినప్పుడు మీ ముఖాలు అలాగే మారతాయి. బాగుపడ్డ అందరిలోనూ ఆ లోపం ఉంది. నాలో మాత్రం ఎందుకుండదు? చెప్పు."

చెప్పకు, తట్టుకోలేను అని ఆ గాలివాన రోజు అడిగింది ఈవిడే. ఇవాళ చెప్పమంటున్నదీ ఈవిడే. నేను ఎవరి మాట వినాలి?

"ప్రణవీ. నిశాంత్‌కి నేను తప్పు చెప్పానా?"

"చెప్పారు మేడం."

అంతా చెప్పాను. గోడకు ఆనుకుని, నెమ్మదిగా జారి నేల మీద కూర్చుండిపోయారు. ఆ ఏడుపు నేను ఎన్నోసార్లు చూసినదే. ఒక్కసారి కూడా అలవాటు కాలేదు.

"నిశాంత్ ఏమన్నాడు? తనకి ఏం కావాలన్నాడు?"

"నిజం కావాలన్నారు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నది, నాన్నా భయంగా లేదన్న మాట విన్నది తానొక్కడేనన్నారు. అది పోకూడదన్నారు."

"నేను మళ్ళీ మర్చిపోతానా?"

"నిద్రపోతే."

"ఇంతకుముందు ఎన్నిసార్లు విన్నాను?"

"చాలాసార్లు మేడం."

"ప్రతిసారీ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది."

లేచారు. ముఖం కడుక్కోవడానికి కుళాయి దాకా వెళ్ళి, చెయ్యి చాచి, ఆగిపోయారు.

"ఏడుస్తూ చెప్పింది గట్టిగా అతుక్కుంటుంది. కదూ? నీ పేపరే."

"అవును మేడం."

"అయితే ఆరకముందే వెళ్దాం" అన్నారు.

లోపలికి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "నిశాంత్, నేను పొద్దున తప్పు చెప్పాను. మన మిహిర రాదు. జ్వరం వచ్చి పోయింది. నేను వెళ్ళలేకపోయాను. నువ్వు వెళ్ళావు. రెండు బోట్లు మారి, మొలలోతు నీళ్ళలో నడిచి వెళ్ళావు. నువ్వు చెయ్యి పట్టుకుని ఉన్నావు. నాన్నా, భయంగా లేదు అంది. విన్నావా? అది ఒంటరిగా పోలేదు. నువ్వున్నావు. నువ్వున్నావు నిశాంత్."

యంత్రం మీద పచ్చ దీపం అలాగే వెలుగుతోంది. ఆ పెద్దమనిషి నోరంతా తెరిచి ఏడ్చాడు. ఆవిడ వదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. లిఖిత ముక్కు తుడుచుకుంటూ సూది వేసింది. ఆయన నిద్రపోయేదాకా మేడం చెబుతూనే ఉన్నారు.

ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టి, "నిద్ర పట్టకుండా ఏమైనా ఇవ్వగలవా?" అని అడిగారు. "ఈ ఒక్క రోజైనా ఉంచుకుంటాను."

ఇచ్చాను. ఇది సోమవారం రాస్తున్నాను. ఇవాళ్టి దాకా ఉంచుకున్నారు. ఆ తర్వాత కుర్చీలోనే కునుకు పట్టింది. లేచి, వాచీ చూసుకుని, "అయ్యో, బోటు టైమైంది" అన్నారు.

గురువారం. దక్షిణపు గాలి. ఫిల్టర్లు కడిగించాను.

నిశాంత్ గారిని ఇంటికి పంపించాం. పరీక్షలన్నిట్లోనూ పూర్తి మార్కులు. కట్టిన వంతెనల పేర్లు వరసగా చెప్పారు. నా తప్పు లెక్క ఒకటి ఆయన కూడా దిద్దారు. వాళ్ళిద్దరి జోడీయే అంత.

మిగిలిన వారాల్లో మేడం బోటు సంగతి చాలాసార్లు చెప్పారు ఆయనకు. అది అతకలేదు. మొదటి రోజు ఏడుస్తూ చెప్పిందే నిలిచింది.

సంతకం పెట్టించుకునేటప్పుడు మేడం సామాను సర్దుకోవడానికి వెళ్ళారు. ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"గుర్తుందమ్మా. వేళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కూడా గుర్తుంది. తన్మయి చెప్పిన గొంతుతో సహా గుర్తుంది."

"బాధగా ఉందా సార్?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న!

"ఉంది" అన్నారు. "ఉండాలిగా."

నా పనంతా కలిపితే ఇదే తేలింది. ఒక మనిషి మెదడును శుభ్రంగా కడిగి, కొత్తగా మొలిపించి, అతని కూతురి చావును పదిలంగా అతని చేతిలో పెట్టాను. ఆయన కోరిందీ అదే. నాకు గర్వంగా లేదు. ఆయన ముందు నిలబడలేకపోయాను.

మేడం సంచీ భుజానికి తగిలించుకుని వచ్చారు. ముఖం కళకళలాడుతోంది. "నిశాంత్, తొందరగా నడవగలవా? మిహిర ఇవాళ తప్పకుండా వస్తుంది. నువ్వు ఇంటికొస్తున్నావని తెలిసుంటుంది."

ఆయన నా వంక చూశారు. ఆ చూపు నుంచి నేను తప్పించుకోలేకపోయాను. తర్వాత ఆవిడ చేతిలోంచి సంచీ తీసుకుని తన భుజానికి వేసుకున్నారు.

"వస్తుంది" అన్నారు. "పద, ఆలస్యమైతే బెంచీ దొరకదు."